లింకు డాక్యుమెంటు లేని తొలి బ్లాక్

బిట్‌కాయిన్ లెక్కల పుస్తకంలో మొదటి పుట, అంటే తొలి బ్లాక్, మొత్తం 285 బైట్లు. తెలుగులో టైపు చేస్తే అందులో వంద అక్షరాలు కూడా పట్టవు. ఆ పుటను ఎవరైనా తెరిచి చదవచ్చు. అనుమతి అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు.

క్రిప్టో అన్న మాట వినగానే ఏదో గూఢలిపి గుర్తొస్తుంది. నిజానికి ఈ పుస్తకంలో రహస్య లిపి అంటూ ఏమీ లేదు. బిట్‌కాయిన్ కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లో పెట్టుకుంటే 2009 నుంచి నేటి వరకూ ఉన్న లావాదేవీలన్నీ దిగుమతి అవుతాయి. వాటికి 600 గిగాబైట్లకు పైగా చోటు కావాలి. అంత చోటు లేనివాళ్లు బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్ల నుంచి ఒక్కో బ్లాకునే ముడి రూపంలో తెచ్చుకోవచ్చు. ఒక చిన్న చిక్కుంది. సాఫ్ట్‌వేర్ 28వ వెర్షన్ నుంచి ఈ ఫైళ్లను కాస్త కలగాపులగం చేసి దాస్తున్నారు. అది రహస్యం కోసం కాదు. లోపలి బైట్లను చూసి యాంటీవైరస్‌లు ఉలిక్కిపడకుండా ఉండటానికి! విప్పే తాళంచెవి కూడా ఆ ఫోల్డర్లోనే ఉంటుంది.

విప్పిన మొదటి ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే ముందుగా కనిపించేవి ఎఫ్9, బీఈ, బీ4, డీ9. మామూలు రాతలో సాధారణంగా ఎదురుపడని ఈ నాలుగు బైట్లూ ‘ఇక్కడ ఒక బ్లాక్ మొదలవుతోంది’ అని చెప్పే గుర్తు. తర్వాతి నాలుగు బైట్లు బ్లాక్ పొడవు: 1డీ 01 00 00. కొత్తగా చదివేవాళ్లు ఇక్కడే తడబడతారు. వీటిని ఉన్నవి ఉన్నట్టు చదివితే దాదాపు 49 కోట్లు వస్తుంది. బైట్లను చివరి నుంచి వెనక్కి చదివితే అసలు సంఖ్య 285 దొరుకుతుంది. చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం తర్వాత రాసే ఈ పద్ధతిని లిటిల్ ఎండియన్ అంటారు. మన శాసనాలు చదివినవారికి ఇది కొత్త కాదు. శక సంవత్సరాన్ని భూతసంఖ్యల్లో, అంటే కన్నులంటే రెండు, వేదాలంటే నాలుగు అన్న తీరులో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం నుంచే మొదలుపెడతారు.

ఆ తర్వాత 80 బైట్ల శీర్షిక వస్తుంది. అందులో వెర్షన్ సంఖ్య, ముందరి బ్లాక్ వేలిముద్ర, లోపలి లావాదేవీలన్నిటికీ కలిపి ఒక వేలిముద్ర, సమయం, కష్టం స్థాయి, చివరగా నాన్స్ అనే సంఖ్య ఉంటాయి. తొలి బ్లాకుకు ముందు మరో బ్లాక్ లేదు కాబట్టి ఆ చోట వరసగా 32 సున్నా బైట్లు ఉన్నాయి. సమయం దగ్గర ఉన్న 29 ఏబీ 5ఎఫ్ 49ను తిరగేసి లెక్కిస్తే 1231006505 వస్తుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లవి. మన గడియారం ప్రకారం అది 2009 జనవరి 3 రాత్రి 11 గంటల 45 నిమిషాల 5 సెకన్లు.

నాన్స్ విలువ 208 కోట్ల 32 లక్షల 36 వేల 893. దీనికి సొంతంగా ఏ అర్థమూ లేదు. ఆ 80 బైట్లను ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత యంత్రంలో రెండుసార్లు వేసి తీస్తే వచ్చే 64 అంకెల వేలిముద్ర సున్నాలతో మొదలవ్వాలన్నది నియమం. అప్పట్లో కనీసం ఎనిమిది సున్నాలు కావాలి. అందుకు సగటున 429 కోట్ల ప్రయత్నాలు పడతాయి. తొలి బ్లాకుకు పది సున్నాలు పడ్డాయి. మైనింగ్ అంటే గుట్టలు తవ్వడం కాదు, ఈ సంఖ్య తగిలేదాకా ఒకటొకటిగా మార్చి చూడటమే. వెతకడానికి అంత శ్రమ పడినా, సరిచూడటానికి పైథాన్‌లో నాలుగైదు వరసలు చాలు. అదే 80 బైట్లలో ఒక్క బిట్ మార్చి చూస్తే వేలిముద్ర పూర్తిగా వేరే అయిపోతుంది. పాత పుటను దిద్దితే తర్వాతి పుట ఎందుకు పట్టిస్తుందో పది వ్యాసాలు చెప్పలేనిది ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

శీర్షిక దాటాక అంకెల నడుమ హఠాత్తుగా ఇంగ్లీషు వాక్యం తగులుతుంది. లండన్ పత్రిక ‘ది టైమ్స్’ పేరు, 2009 జనవరి 3 తేదీ, బ్యాంకులను రెండోసారి ఆదుకునే అంచున బ్రిటన్ ఆర్థిక మంత్రి ఉన్నాడన్న ఆనాటి వార్తా శీర్షిక. మొత్తం 69 అక్షరాలు. సతోషి నకమోటో అనే మారుపేరు వ్యక్తి దాన్ని ఎందుకు పెట్టాడన్నదానిపై వాదాలు నడుస్తూనే ఉన్నాయి. ఆ తేదీకి ముందే తయారుచేసిన బ్లాక్ కాదనడానికి మాత్రం అది సాక్ష్యం. ఆ తర్వాత 8 బైట్లలో సొమ్ము. తిరగేస్తే సతోషి అనే చిల్లర ప్రమాణంలో 500 కోట్లు, అంటే 50 బిట్‌కాయిన్లు. విచిత్రం ఏమిటంటే సాఫ్ట్‌వేర్ రాసిన తీరు వల్ల ఈ 50 కాయిన్లను ఎవరూ ఎప్పటికీ ఖర్చుపెట్టలేరు.

ఇంతకీ ఎవరి ఖాతాలో ఎంత నిల్వ ఉందో ఎక్కడ రాసుంది? ఎక్కడా లేదు. బ్యాంకు పాస్‌బుక్ లాంటిది వెతికేవాళ్లకు ఈ ఫైల్లో నిరాశే. దీన్ని స్థలాల రిజిస్ట్రేషన్‌లా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ప్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే, ప్రతి లావాదేవీ తనకు సొమ్ము ఏ పాత లావాదేవీ నుంచి వచ్చిందో నంబరుతో సహా చూపించాలి.

170వ బ్లాక్ ఇందుకు చక్కని ఉదాహరణ. 2009 జనవరి 12న సతోషి, ప్రోగ్రామర్ హాల్ ఫిన్నీకి 10 బిట్‌కాయిన్లు పంపాడు. ముడి బైట్లలో కనిపించేది మాత్రం ఇంకోలా ఉంటుంది. 9వ బ్లాకులో పుట్టిన 50 కాయిన్ల పత్రం ఇక్కడ చెల్లిపోయింది. దాని స్థానంలో రెండు కొత్త పత్రాలు పుట్టాయి. ఒకటి 10కి, ఇంకొకటి 40కి. ఆ 40 సతోషికే తిరిగి వచ్చిన చిల్లర. వ్యాలెట్ యాప్ చూపించే ‘బ్యాలెన్స్’ ఇలా ఇంకా చెల్లిపోని పత్రాలను కూడి చెప్పే లెక్క. పేర్లు కూడా ఉండవు. ఎవరి సంతకం సరిపోతే సొమ్ము కదులుతుందో చెప్పే తాళం మాత్రమే ఉంటుంది.

సొమ్ముకు 8 బైట్ల గడే ఉందన్న సంగతి 2010 ఆగస్టు 15న గట్టిగా తెలిసొచ్చింది. ఆ రోజు 74638వ బ్లాకులో ఎవరో అర బిట్‌కాయిన్‌ను చూపించి, ఒక్కొక్కటి 9,223 కోట్ల బిట్‌కాయిన్ల చొప్పున రెండు పత్రాలు పుట్టించారు. మొత్తం మీద ఎప్పటికీ పుట్టాల్సినవే 2 కోట్ల 10 లక్షలు! రెంటినీ కూడేసరికి మొత్తం ఆ గడిలో పట్టలేదు. పాత స్కూటరు మీటరు తొమ్మిదులన్నీ నిండాక గిర్రున తిరిగినట్టు, మొత్తం సున్నా కిందకు జారిపోయింది. ఖర్చు రాబడి కంటే తక్కువే కదా అనుకుని సాఫ్ట్‌వేర్ సరేనంది.

కొన్ని గంటల్లోనే దిద్దిన వెర్షన్ వచ్చింది. దాన్ని నడిపినవాళ్లు ఆ బ్లాకును పక్కనబెట్టి, దాని ముందు నుంచి గొలుసును మళ్లీ అల్లారు. మార్చడానికి వీల్లేదని పేరుపడ్డ పుస్తకంలో ఒక పుటను అందరూ కలిసి వదిలేసిన సందర్భం అది. ఇవాళ ఎవరైనా తమ కంప్యూటర్లో 74638వ బ్లాక్ తెరిస్తే అక్కడ ఉండేది ఆ రోజు తర్వాత అల్లిన మామూలు బ్లాకే.