చెరువు అడుగున వానల చిట్టా

పాకాల, రామప్ప, లక్నవరం... వరంగల్ సీమకు కాకతీయుల కాలం ఇచ్చిన చెరువులివి. వానాకాలంలో వాగులు నీళ్లతోపాటు కాస్త మట్టినీ వీటిలోకి మోసుకొస్తాయి. అది అడుగున పొరలు పొరలుగా పేరుకుంటుంది. సహజంగా ఏర్పడిన సరస్సుల్లోనైతే వేల ఏళ్లుగా జరుగుతున్న తంతు ఇది. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. మరి అంతకు వేల ఏళ్ల ముందు కురిసిన వానల లెక్క ఎక్కడ దొరుకుతుంది? శాస్త్రవేత్తలు వెతికే చోట్లలో ముఖ్యమైనవి ఆ పొరలే!

పొడవాటి గొట్టాన్ని సరస్సు అడుగుకు దించి, పొరలు చెదరకుండా మట్టిని బయటికి తీస్తారు. దాన్ని సన్నటి బిళ్లలుగా కోస్తారు. అందులో చిక్కుకున్న ఆకులు, బొగ్గు ముక్కల్లో కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిస్తే పొర వయసు తెలుస్తుంది. నీటి మొక్కల పుప్పొడి ఉంటే అప్పట్లో సరస్సు నిండుగా ఉన్నట్టు. ఉప్పు, జిప్సం పేరుకుంటే ఎండిపోయినట్టు.

ఎడారిలో నీళ్లు

రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో లూణ్‌కరణ్‌సర్ ఇప్పుడు ఉప్పు పర్ర. అక్కడ సుమారు 7,200 ఏళ్ల కిందట నీటిమట్టం పెరిగిందని, 5,500 ఏళ్ల కిందటికల్లా సరస్సు ఎండిపోయిందని 1999లో వెలువడిన అధ్యయనం తేల్చింది. వానలు తగ్గడం వల్లే హరప్పా నగరాలు అంతరించాయన్న వాదనకు ఇది చిక్కు తెచ్చింది. సరస్సు ఎండిన వందల ఏళ్లకు కదా ఆ నగరాలు వెలిగింది!

మన దక్కన్‌లోనూ...

థార్ ఎక్కడో దూరం అనుకోవద్దు. మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోనార్ సరస్సు అడుగున గేలుసైట్ అనే ఖనిజం దొరికింది. నీరు ఇగిరి, ఉప్పగా చిక్కబడినప్పుడు ఏర్పడే పదార్థమది. దాని ఆధారంగా 4,600-3,900 ఏళ్ల కిందట ఒకటి, 2,000-600 ఏళ్ల కిందట మరొకటి, రెండు సుదీర్ఘ కరవు కాలాలను 2014లో గుర్తించారు. గోదావరి సముద్రంలో కలిసేచోట తీసిన మట్టిలోని ఆకుల మైనం కూడా ఇలాంటి సాక్ష్యమే చెప్పింది. 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు పరీవాహక ప్రాంతం క్రమంగా పొడిబారిందని 2012 నాటి పరిశోధన సారాంశం.

1323లో ముగిసిన కాకతీయుల పాలన ఆ రెండో కరవు కాలం చివర్లో సాగింది. చెరువులు కట్టింది అందుకేనని మట్టి చెప్పదు. కానీ రుతుపవనాలు వందల ఏళ్లపాటు బలహీనపడగలవని చెబుతుంది. అంత పొడవైన కరవును నూటయాభై ఏళ్ల రికార్డులు ఎలా చూపిస్తాయి? 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలారు. ఇకముందు ఏ చెరువుకు ఎంత లోతు కావాలో లెక్కవేసేటప్పుడు వర్షపాతం పట్టికలతోపాటు ఈ పాత చిట్టానూ తిరగేయాల్సిందే.