నగరానికి నీటి పొదుపు: బోరుతో పాటు ఇంకుడు గుంత

వేసవి వచ్చిందంటే హైదరాబాద్ బస్తీల్లో ట్యాంకర్ కోసం బిందెలు వరుస కడతాయి. మన దాతలు వెంటనే ముందుకొచ్చి బోర్లు వేయిస్తున్నారు, ట్యాంకర్లు పంపిస్తున్నారు. దాహం తీర్చడం గొప్ప మేలు. అయితే ఒక వీధిలో లోతైన బోరు పడితే పక్క వీధిలోని పాత బోరు ఎండిపోవచ్చు. ఒకరికి చేసిన మేలు మరొకరికి కష్టం కాకూడదంటే నగరం మొత్తం నీటి లెక్క మనకు తెలియాలి.

మనది మెట్ట ప్రాంతం. ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. అడుగున గట్టి రాయి ఉండడం వల్ల దాని పగుళ్లలో నిలిచేంత నీరే బోర్లకు అందుతుంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) చాలాకాలం ఊరికి తాగునీరిచ్చాయి. జనం పెరిగాక కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసి తెస్తున్నారు.

అంత ఖర్చుతో వచ్చిన నీటిని కాపాడే ప్రణాళికలో ముందుగా ఉండవలసింది కొలత. రిజర్వాయర్ నుంచి వదిలినదెంత, ఇళ్ల మీటర్లలో నమోదైనదెంత అని ప్రాంతాల వారీగా పోల్చాలి. తేడా ఎక్కువగా ఉన్నచోట పైపు కారుతుండవచ్చు, మీటరు పాడై ఉండవచ్చు, దొంగ కనెక్షనైనా ఉండవచ్చు. రెండవది మరమ్మతు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే చోట ఖాళీ పైపులోకి పగుళ్ల గుండా మురుగు చేరుతుంది. కాబట్టి పైపు బాగుచేస్తే నీళ్లూ మిగులుతాయి, పిల్లల ఆరోగ్యమూ నిలుస్తుంది. మూడవది ధర. కుటుంబ అవసరానికి సరిపడే నీరు చౌకగా ఇచ్చి, ఆపై వాడకానికి ఎక్కువ వసూలు చేయాలి. నాలుగవది శుద్ధి చేసిన మురుగునీటిని పార్కులకు, కట్టడాలకు మళ్లించడం. ఐదవది వాన నీటిని ఒడిసిపట్టడం.

ఈ ఐదవ పనిలో మన వంతు ఉంది. బడిలో పిల్లలకు చెప్పే లెక్కే ఇక్కడ చెబుతాం. 100 చదరపు మీటర్ల డాబాపై ఒక మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. 800 మిల్లీమీటర్లకు 80,000 లీటర్లు. ఐదో వంతు వృథా పోయినా 64,000 లీటర్లు మిగులుతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురి కుటుంబానికి ఇది దాదాపు మూడు నెలల వాడకంతో సమానం. మన విరాళాలతో కట్టిన పాఠశాలలు, హాస్టళ్లు, షాదీఖానాల పైకప్పులు ఇంతకన్నా ఎంతో పెద్దవి.

అందుచేత మా విన్నపం ఇది. బోరుకు విరాళమిచ్చేటప్పుడే దాని పక్కన ఇంకుడు గుంతకూ కొంత సొమ్ము కేటాయించండి. తొలి జల్లు నీటిని బయటకు వదిలి, తర్వాతి వానను ఇసుక, కంకర గుండా వడగట్టి లోపలికి పంపాలి. మురుగునీరు అందులో కలవకూడదు. వజూ నీటిని మొక్కలకు పారించవచ్చు. ఏటా మే నెలలో గుంత పూడిక తీసే బాధ్యతను ఒకరికి అప్పగించాలి. పూడిక తీయని గుంత రెండేళ్లకే చెత్తకుండీ అవుతుంది. శుభ్రంగా ఉంచితే మనం వేయించిన బోరూ, పొరుగువారి బోరూ ఎక్కువ కాలం నీళ్లిస్తాయి.