గ్రాఫీన్ పొర: అతికిస్తే సరిపోదు!

‘సిలికాన్ పని అయిపోయింది, ఇక గ్రాఫీన్‌దే రాజ్యం’ అనే మాట వీడియోల్లో, వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. తిరిగితే తిరిగింది. దాన్ని నమ్మి వీఎల్ఎస్ఐ పాఠాలు దండగనుకునే ఈసీఈ విద్యార్థులు, పేరులో గ్రాఫీన్ కనిపిస్తే చాలు షేర్లు కొనేవాళ్లు ఉండటమే అసలు తంటా.

అపోహ: గ్రాఫీన్ అంటే పరమాణువు మందం కార్బన్ పొరే కదా, చిప్ మీద అతికిస్తే సరి.

వాస్తవం: అందరూ బోల్తా పడేది ఆ అతికించడం దగ్గరే. 2004లో మాంచెస్టర్‌లో శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలొవ్ గ్రాఫైట్ మీంచి టేపుతో పొర లేపిన కథ అందరికీ కంఠతా వచ్చు. ఆ ముక్కలు మైక్రోమీటర్లలో ఉండేవి. చిప్‌లు తయారయ్యే 300 మిల్లీమీటర్ల వేఫర్‌కు అవి ఏ మూలకు? అందుకే రాగి రేకు మీద, దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మీథేన్‌తో పొరను పెంచుతారు. పూర్తయిన చిప్‌కు అంత వేడి తగిలితే లోపలి లోహపు తీగలు పాడవుతాయి. అంటే ఒకచోట పెంచి, ఇంకోచోటికి మార్చాలి.

పొర మీద పలచగా ప్లాస్టిక్ పూసి, రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగిస్తారు. కాలేజీ ల్యాబులో పీసీబీలు చేసినవాళ్ల వేళ్లకు మరకలంటించిన ద్రావణమే అది. రాగి పోయాక పొర పాల మీది మీగడలా తేలుతుంది. దాన్ని నీళ్లలో కడిగి, చిప్‌ను కిందనుంచి పైకి తెస్తూ ఎత్తుకోవాలి. మీగడ ముడతపడకుండా చేతికొచ్చిందెప్పుడు? ఇక్కడా ముడతలు, చిరుగులు, అడుగున చిక్కిన నీరు, వదలని ప్లాస్టిక్. పైగా రాగి, ఇనుము జాడలున్న వేఫర్‌ను ట్రాన్సిస్టర్లు తయారయ్యే యంత్రాల దరిదాపుల్లోకి రానివ్వరు.

ఇంతాచేసి సిలికాన్ ఎక్కడికీ పోలేదు. కాంతితో పనిచేసే ఫోటోనిక్ చిప్‌నే తీసుకోండి: 1550 నానోమీటర్ల కాంతిని అందులో నడిపించేది 220 నానోమీటర్ల మందమున్న సిలికాన్ దారే (వేవ్‌గైడ్). గ్రాఫీన్ దాని మీద కూర్చుంటుంది, అంతే.

అపోహ: గ్రాఫీన్ ఒక్క పొరతోనే కాంతిని పట్టేస్తుంది.

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. నిటారుగా పడిన కాంతిలో పొర మింగేది 2.3 శాతమే. అదే పొరను సిలికాన్ దారి వెంట పరిస్తే కాంతి దాన్ని రాసుకుంటూ పోతుంది కాబట్టి పొర చాలా ఎక్కువే మింగుతుంది; వోల్టేజి మారిస్తే మింగడం ఆపేస్తుంది. బర్కిలీ పరిశోధకులు 2011లో ఇలాగే 25 చదరపు మైక్రోమీటర్ల మాడ్యులేటర్ (కాంతిని ఆపి, వదిలే స్విచ్ లాంటిది) చేశారు. బ్యాండ్ గ్యాప్ లేకపోవడమే గ్రాఫీన్ జబ్బు: డిటెక్టర్‌గా వాడి వోల్టేజి పెడితే, వెలుతురు లేకపోయినా కరెంటు పారుతుంది.

పోనీ, గ్రాఫీన్‌లాగే పలచనైన మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరతో చిప్ లేజర్ చేస్తే? అదిచ్చేది ఎర్ర కాంతి. సిలికాన్ దాన్ని మింగేస్తుంది. ఫోటోనిక్ చిప్ అంటే వెలుగుతో నడిచే కంప్యూటరా? నేడు వాటికి ప్రధానమైన పని సర్వర్ల మధ్య డేటా మోయడం.

కాబట్టి ఈసారి ‘గ్రాఫీన్ చిప్ వచ్చేసింది’ అంటే మూడు అడగాలి: వేఫర్ ఎంత పెద్దది, పొరను ఎలా మార్చారు, వందలో ఎన్ని పనిచేశాయి? ఈ రంగంలోకి వెళ్లాలనుకునే విద్యార్థి ముందు సిలికాన్ వేవ్‌గైడ్, క్లీన్‌రూమ్ పని నేర్చుకుని, తర్వాత గ్రాఫీన్ పట్టుకోవాలి.