బతికి బయటపడ్డాక మనసుకు ఏమవుతుంది?

నేను పాన్‌గల్ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. పెద్ద విపత్తు నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి, ఆ తర్వాత పాత మనిషిలాగే ఉంటారా?

మా మేనత్తను రాజోలికి ఇచ్చారు. మగ్గం మీద బతికే కుటుంబం. 2009 అక్టోబర్ మొదట్లో ఎగువన కుండపోత వానలు పడి తుంగభద్ర పొంగింది. రాజోలి మునిగింది, అలంపురంలోకి నీళ్లొచ్చాయి, అక్టోబర్ 2న కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద చేరింది. డ్యామ్ కట్టినప్పుడు కూడా అంత వస్తుందని లెక్క వేయలేదు. మీలో కొందరు అప్పటికి పుట్టి కూడా ఉండరు.

అత్తవాళ్లు పక్కింటి మిద్దె ఎక్కి బతికారు. మగ్గం గుంట నిండా బురద. పట్టు నూలు పోయింది. మనుషులందరూ మిగిలారు. "అదృష్టవంతులు" అన్నారు చూసినవాళ్లంతా.

కొన్నేళ్ల తర్వాత ఒక వానాకాలం అత్త మా ఇంటికి వచ్చింది. రాత్రి వాన మొదలవగానే లేచి కూర్చుంది. రేషన్ కార్డు, పాస్‌బుక్కులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలగడ కింద పెట్టుకుంది. నేను నవ్వాను. "అత్తా, కోట గుట్ట పక్కన ఉన్నం, ఇక్కడికి నది రాదు. బతికినవ్ గదా, ఇంకెందుకు భయం?" అన్నాను. "నాకు తెలుసు బిడ్డా. నా గుండెకు తెల్వది" అంది. ఆ తర్వాత వానాకాలంలో మా ఇంటికి రావడం మానేసింది.

నా మాట ఎక్కడ తప్పిందో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. అదే మీకు చెప్తా.

మొదటిది, ఒంట్లో జరిగేది. ప్రాణాపాయం వచ్చినప్పుడు మెదడు ఆ చప్పుడు, ఆ వాసన, ఆ చీకటి అన్నిటినీ "ప్రమాదం" అని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత అలాంటి చప్పుడే వినిపిస్తే, మనం ఆలోచించేలోపే గుండె దడ మొదలవుతుంది. ఇది పిరికితనం కాదు. మనల్ని కాపాడటానికి ఉన్న అలారం, ఆపడం మర్చిపోయింది, అంతే.

రెండోది, నమ్మకం. ఒకే ఇంట్లో ఇద్దరు రెండు దారులు పట్టారు. అత్త అలంపురం జోగులాంబ గుడికి ఇంకా ఎక్కువగా వెళ్లేది. "అమ్మవారే మిద్దె ఎక్కించింది" అనేది. మామ గుడికి వెళ్లడమే మానేశాడు. "అమ్మవారి ఊరే మునిగింది, మనమెంత?" అనేవాడు. కెన్నెత్ పార్గమెంట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. "దేవుడు నాకు తోడున్నాడు" అనుకునేవాళ్లకు కష్టం మోయడం కొంత తేలికవుతుంది. "దేవుడు నన్ను శిక్షించాడు, వదిలేశాడు" అనే ఆలోచనలో ఇరుక్కుపోతే బాధ పెరుగుతుంది. కాబట్టి మామతో వాదించి గుడికి లాక్కెళ్లడం మందు కాదు. ఆయన కోపం వినేవాళ్లు కావాలి.

మూడోది, చూపు మారడం. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో ఒక విషయం చెప్పారు. గాయం తర్వాత కొందరిలో ఎదుగుదల కూడా కనిపిస్తుంది. మనుషుల విలువ తెలుస్తుంది, ఏది ముఖ్యమో తేలుతుంది. అత్త కూడా అంతే. ఎవరింట్లో ఆపద వచ్చినా ముందు బియ్యం మూట పంపేది ఆమే. కానీ వాన పడితే నిద్రపోనిదీ ఆమే. ధైర్యం, భయం రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ఎదుగుదల వచ్చిందంటే నొప్పి పోయిందని కాదు. అలాగే ఎదుగుదల రాకపోతే అది వాళ్ల తప్పూ కాదు.

మరి మనం ఏం చేయాలి? 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన గైడ్‌లో మూడు మాటలున్నాయి: చూడటం, వినడం, కలపడం. వాళ్లకు ఇప్పుడు ఏం అవసరమో చూడండి. చెప్పినంత వినండి, చెప్పమని బలవంతం చేయకండి. సాయం చేయగలవాళ్లతో కలపండి.

మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలికిపడటం చాలామందికి సహజం, మెల్లగా తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, అదే దృశ్యం కళ్లముందుకు రావడం, ఆ చోటుకు పోలేకపోవడం ఉంటే అది పీటీఎస్‌డీ కావచ్చు. మాటల చికిత్స ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం నెల దాకా ఆగొద్దు, వెంటనే మాట్లాడండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

పోయిన వానాకాలం నేనే రాజోలి వెళ్లాను. రాత్రి వాన పడింది. అత్త లేచి కూర్చుంది. ఈసారి నేను నవ్వలేదు, పక్కన కూర్చున్నా. చాలాసేపటికి ఆ మిద్దె మీద గడిపిన రాత్రి గురించి మొదటిసారి చెప్పింది.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లు ఉండొచ్చు. "బతికావు కదా" అనే మాట ఒక్కటి పక్కన పెట్టి, వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.