కోలారు గనిలో మ్యుయాను

‘లెప్టాను’ అను పేరునకు మూలమైన గ్రీకు పదమునకు సన్ననిదని యర్థము. కనుక భారలెప్టానన్నచో తెలుగు పంతులు చెవికి ‘లావైన నలుసు’ అన్నట్లుండును. అట్టి నలుసే మ్యుయాను. 1936లో ఆండర్సన్, నెడర్‌మేయరులు విశ్వకిరణములలో దీనిని గుర్తించిరి. విద్యుదావేశమున ఎలక్ట్రానునకు సమానమే. ద్రవ్యరాశి మాత్రము 207 రెట్లు. సెకనులో పదిలక్షలవ వంతులు రెండింటికి కొంచెము మించినంత కాలము జీవించి, ఎలక్ట్రానుగను రెండు న్యూట్రినోలుగను మారిపోవును.

బరువు కలది గనుక ఇది దారిలో ఎలక్ట్రానువలె త్వరగా శక్తి కోల్పోదు, శిలలను చొచ్చుకొనిపోవును. ఎంత లోతునకు? మా అరసికెరె పిల్లలు కోలారనగా బంగారమే యందురు గాని, ఈ ప్రశ్నకు సమాధానమును ఆ గనులే యిచ్చినవి. 1960 ప్రాంతమున మియాకె, నరసింహము, రమణమూర్తిగారలు అంతకంతకు లోతునకు దిగి మ్యుయానులను లెక్కించిరి. సుమారు 2,760 మీటర్ల అడుగున రెండు నెలలు కనిపెట్టియుండినను ఒక్కటియు రాలేదు.

ఆ సున్నయే వారికి లాభమైనది. పైనుండి దిగునవి ఆగిపోవుచున్నవి గదా! అంత లోతున పక్కనుండి అడ్డముగా వచ్చు మ్యుయాను, శిలను న్యూట్రినో తాకగా పుట్టినదే కావలయును. 1965లో ఆ గనులలోనే అట్టివి పట్టుబడినవి. గనులు 2001లో మూతపడినవి.

1975లో పెర్ల్ బృందము అమెరికాలో కనుగొనిన టౌ లెప్టాను ఇంకను బరువైనది. ఎలక్ట్రానుకు దాదాపు 3,477 రెట్లు. ఆయువో, మ్యుయాను ఆయువులో సుమారు 75 లక్షలవ వంతు.