కొత్త స్పీకర్ల గొంతు ఎక్కడ పోయింది?

కారు డోర్లలో కొత్త స్పీకర్లు వేయించాక పాట పాతవాటిలో కన్నా పీలగా వినిపిస్తే, మనం ముందు అనే మాట "స్పీకర్లు మంచివి కావు" అని. షాపులో అనే మాట "ఆంప్లిఫయర్ కూడా వేస్తేనే బాగుంటుంది" అని. రెండూ తొందరపాటు మాటలే. చాలాసార్లు లోపం స్పీకర్‌లో ఉండదు, దాన్ని బిగించిన తీరులో ఉంటుంది. అది కనిపెట్టడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

మా నాన్న టాక్సీ నడుపుతారు. రోజులో సగం ఆ కారులోనే గడుస్తుంది కాబట్టి పాటే ఆయనకు తోడు. ముందు డోర్లకు కొత్త స్పీకర్లు వేయిస్తే డ్రమ్ము దెబ్బ అసలు వినపడలేదు. ఆంప్లిఫయర్ ధర అడిగితే స్పీకర్ల కన్నా ఎక్కువ చెప్పారు. అది కొనేముందు మేమిద్దరం ఒక్కొక్కటీ పరీక్షించి చూశాం. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను.

మొదట సెట్టింగులు. స్టీరియోలో ఈక్వలైజర్‌ని ఫ్లాట్‌గా పెట్టండి. తర్వాత హై పాస్ ఫిల్టర్ ఎంత మీద ఉందో చూడండి. అది తనకిచ్చిన అంకె కన్నా కింది శబ్దాలను తగ్గించేస్తుంది. డోర్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర ఉంటే మామూలే. 200 దగ్గర ఉంటే మాత్రం బేస్ చాలావరకు స్టీరియోలోనే ఆగిపోతుంది, స్పీకర్ దాకా రాదు.

రెండోది ప్లస్, మైనస్. స్పీకర్‌లోని కోన్ ముందుకీ వెనక్కీ కదిలి గాలిని నెడుతుంది. ఒక డోర్‌లో వైర్లు తిరగేసి కలిపితే, కుడి కోన్ ముందుకొచ్చే క్షణంలో ఎడమ కోన్ వెనక్కి పోతుంది. తిరగలి పిడి పట్టుకుని ఇద్దరు చెరోవైపు లాగితే రాయి తిరుగుతుందా? ఇక్కడా అంతే, ఒకటి నెట్టిన గాలిని రెండోది లాగేసుకుంటుంది.

మరి బేస్ మాత్రమే ఎందుకు పోతుంది, గాయకుడి గొంతు ఎందుకు వినిపిస్తుంది? 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. కారు వెడల్పు అందులో సగమే. అందుకే రెండు వైపుల తరంగాలూ ఒకదాన్నొకటి చాలావరకు చెరిపేస్తాయి. 5000 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. తల కొంచెం కదిలినా లెక్క మారిపోతుంది కనుక అది అలా చెరిగిపోదు.

పరీక్ష సులువు. బ్యాలెన్స్‌ని పూర్తిగా ఎడమకు తిప్పి వినండి, తర్వాత పూర్తిగా కుడికి, తర్వాత మధ్యకు. విడివిడిగా ఉన్న బేస్ మధ్యలో పెట్టగానే తగ్గిపోతే, ఒక డోర్‌లో వైర్లు తిరగబడ్డాయనే అనుకోవాలి. మా కారులో ఎడమ డోర్ అలాగే దొరికింది. డోర్ ప్యాడ్ విప్పాక ఇంకా ఖాయం చేసుకోవాలంటే, స్పీకర్ వైర్లు ఊడదీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి కదలాలి.

కొత్తగా వేసే స్టీరియోలలో చాలావాటికి వైర్ల రంగులు ఇలా ఉంటాయి: ముందు ఎడమకు తెలుపు, ముందు కుడికి బూడిద రంగు, వెనక ఎడమకు ఆకుపచ్చ, వెనక కుడికి ఊదా. ఒట్టి రంగు వైరు ప్లస్, అదే రంగు మీద నల్ల గీత ఉన్నది మైనస్. కారుతో పాటు వచ్చిన వైర్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, ఆ కంపెనీ రంగులు వేరేగా ఉంటాయి.

మూడోది సందులు. కోన్ ముందు వైపు గాలిని నెట్టినప్పుడు వెనక వైపు లాగుతుంది. స్పీకర్ చుట్టూ సందు ఉంటే ఆ గాలి అంచు మీదుగా వెనక్కి జారిపోతుంది. విసనకర్రను మెల్లగా ఊపితే గాలి పక్కల నుంచి జారిపోయి మొహానికి తగలదు కదా! బేస్ అంటే ఆ మెల్లని ఊపే. అందుకే స్పీకర్‌కీ డోర్‌కీ మధ్య సరైన రింగు, దాని కింద ఫోమ్ ఉండాలి. ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీట్‌ను చింపి వదిలేస్తే సందులు తెరుచుకోవడమే కాక, వాన నీళ్లు లోపలికి వస్తాయి. దాన్ని మళ్లీ అతికించాలి. మా రెండు డోర్లలోనూ ఫోమ్ లేదు.

నాలుగోది గరగర. సౌండ్ పెంచినప్పుడే వస్తే, చేత్తో ప్యాడ్‌ని ఒత్తిపట్టి వినండి. ఆగిపోతే అది క్లిప్పో స్క్రూనో వదులై వచ్చే చప్పుడు. డోర్ తెరిచి మూసినప్పుడు శబ్దం తెగితెగి వస్తే, డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉండొచ్చు. అద్దం పూర్తిగా దించినప్పుడు స్పీకర్ మాగ్నెట్‌కి తగులుతోందేమో కూడా చూడాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాకే వాట్ల మాట. స్టీరియో మీద "50 వాట్లు, నాలుగు చానెళ్లు" అని ఉన్నా అది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా ఇచ్చేది ఆర్ఎంఎస్ అనే అంకె, అది సాధారణంగా 20 వాట్లకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. సౌండ్ బాగా పెంచినప్పుడు గొంతు చీలిపోతుంటే ఆంప్లిఫయర్ నిజంగానే పనికొస్తుంది. కానీ తిరగబడిన వైరును అది సరిచేయదు, సందును పూడ్చదు. లోపాన్నే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది.

ప్యాడ్ విప్పడం మనకు రాకపోయినా ఫరవాలేదు, ఆ పని షాపువాళ్లే చేస్తారు. "సౌండ్ బాగాలేదు" అంటే ఇంకో వస్తువు చూపిస్తారు. "బ్యాలెన్స్ మధ్యలో పెడితే బేస్ పోతోంది, ఎడమ డోర్‌లో ప్లస్ మైనస్ చూడండి, ఫోమ్ వేయండి" అంటే స్క్రూడ్రైవర్ తీస్తారు. "ఇవన్నీ మీకెందుకమ్మా" అని ఎవరైనా అన్నా అదే మాట మళ్లీ చెప్పండి. ప్లస్, మైనస్, ఫోమ్ తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే.