జీపు ముందు ఇరుసు కీళ్లు: అరుగుదల గుర్తించుట, బాగుచేసుకొనుట

 

ఎద్దు కుంటితే గిట్ట ఎత్తి చూస్తాం. బండి ఇరుసు కిర్రుమంటే కందెన వేస్తాం. జీపు మలుపులో టకటక కొట్టుకుంటే మాత్రం "ఏదో శబ్దం లెండి" అని ఊరుకుంటాం. ఆ ఏదో శబ్దమే ఒకనాడు ఘాటు రోడ్డు మీద ప్రాణం మీదికి తేవచ్చును.

మన దేశంలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమైన తరువాత బ్లాకు ఆఫీసు జీపు పల్లెలకు పరిచయమైనది. అన్నవరం వంటి చోట ఇటువంటి బండికి నాలుగు రకాల దారులు తప్పవు. పంపా ఆయకట్టులో బురద, మెట్ట దారుల్లో రాయి, రత్నగిరికి ఘాటు రోడ్డు, ఊరి ప్రక్కనే జాతీయ రహదారి. ఈ నాలుగింటి దెబ్బా మొదట తగిలేది ముందు ఇరుసుకే.

ఎందుచేత? నాలుగు చక్రాలూ లాగే బండిలో ముందు చక్రానికి రెండు పనులు. ఇంజను బలంతో తిరగాలి, స్టీరింగుతో ప్రక్కకు మళ్లాలి. అందుకని ఇరుసు లోపలి షాఫ్టుకు చక్రం దగ్గర ఒక కీలు పెట్టారు. పాత జీపులు చాలావాటిలో అది కూడిక గుర్తు ఆకారంలో ఉండే ఉక్కు ముక్క. మెకానిక్కులు దానిని క్రాసు అంటారు. దాని నాలుగు కొసలకు నాలుగు గిన్నెలు, గిన్నెల్లో సూదులవంటి సన్నని రోలర్లు ఉంటాయి. చక్రం ప్రక్కకు మళ్లడానికి పైన ఒకటి, క్రింద ఒకటి కింగ్‌పిన్నులు వేరే ఉన్నవి. అరిగేది క్రాసా, కింగ్‌పిన్నా, హబ్బు బేరింగా అన్నది తేల్చుకోకుండా సామాను కొంటే డబ్బు దండుగ.

ఇక పరీక్ష. చదునైన చోట బండి నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ముందు ఇరుసును జాకీతో లేపి, క్రింద గట్టి దిమ్మలు ఉంచండి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరవద్దు.

చక్రాన్ని పైనా క్రిందా పట్టుకొని ఊపండి. ఆడుతున్నదా? అయితే ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. ఆట పోతే లోపం హబ్బు బేరింగులో ఉన్నది. అప్పటికీ ఆడుతుంటే కింగ్‌పిన్ను బేరింగు వదులైనదన్నమాట. కుడి ఎడమలుగా పట్టి ఊపినప్పుడు మాత్రమే ఆట తెలిస్తే ముందుగా టై రాడ్డు కొసలు చూడండి.

క్రాసు సంగతి నడిపి తెలుసుకోవాలి. ఖాళీగా ఉన్న మెత్తటి నేల మీద నాలుగు చక్రాల గేరు వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి, మెల్లగా గుండ్రంగా నడపండి. చక్రం వేగాన్నిబట్టి టక్ టక్ మని వినబడితే క్రాసు అరిగినట్లు అనుమానించవలెను.

"ఏమండీ, నా బండికి కొత్త క్రాసే వేయించాను. అయినా పూర్తిగా తిప్పితే స్టీరింగు జలదరిస్తున్నదే?" అని ఒక రైతు అడగవచ్చు. శబ్దం లేని కొద్దిపాటి జలదరింపు ఈ రకపు కీలుకు సహజం. షాఫ్టు సమంగా తిరిగినా, వంగి ఉన్న క్రాసు అవతలి చక్రాన్ని ఒక చుట్టులో రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా త్రిప్పుతుంది. వంపు 30 డిగ్రీలైతే ఈ తేడా నూటికి 15 వంతుల వరకు పైకీ, 13 వంతుల వరకు క్రిందికీ ఉంటుంది. అందుచేత జలదరింపును చూసి భయపడవద్దు, చప్పుడు వింటే అశ్రద్ధ చేయవద్దు.

బాగుచేయునప్పుడు చక్రం, హబ్బు విప్పి బ్రేకు పళ్లెమును తీగతో కట్టి వ్రేలాడదీయండి. దాని బరువు బ్రేకు గొట్టం మీద పడరాదు. ఆ పైన స్పిండిలు తీసి, షాఫ్టును నిటారుగా లాగండి. వంకరగా లాగితే లోపలి ఆయిల్ సీలు చిరుగుతుంది. సర్‌క్లిప్పులు తీసి, గిన్నెలను వైసులో నొక్కి బయటకు తీయండి. షాఫ్టు చెవుల మీద సుత్తి దెబ్బలు పడితే అవి వంగిపోతాయి. క్రాసు కొసల మీద సూదుల గాట్లు గోటికి తగిలినా, గిన్నెలో తుప్పు ఉన్నా, క్రాసు మొత్తం మార్చండి. చెవి రంధ్రం కోలగా అరిగితే కొత్త క్రాసు కూడా నిలవదు. షాఫ్టే మార్చాలి.

కొత్త గిన్నెలు ఎక్కించేటప్పుడు సూదులను గ్రీజుతో నిలబెట్టండి. ఒక్క సూది అడ్డం పడినా గిన్నె పూర్తిగా దిగదు, క్లిప్పు గాడిలో కూర్చోదు. బిగించాక కీలు చేతితో సులువుగా వంగాలి, ఆట మాత్రం ఉండరాదు. కింగ్‌పిన్ను బిగువును షిమ్ములతో ఆ బండి పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచేయించండి. ఇది అనుభవం గల మెకానిక్కు పని.

చివరగా, అరుగుదలకు కారణాలు. బురదలో దిగిన బండికి పాత సీలు గుండా నీరు లోపలికి పోతుంది. గ్రీజు పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లే. కడిగి, కొత్త గ్రీజు, కొత్త సీలు వేయించండి. రెండవది మన అలవాటు. చేలో వేసిన నాలుగు చక్రాల గేరును తారు రోడ్డు ఎక్కాక కూడా అలాగే ఉంచుతాం. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికంటె ఎక్కువ దూరం పోవాలి. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కనుక ఆ బిగువంతా కీళ్ల మీద పడుతుంది. గట్టు దిగి రోడ్డెక్కగానే ఆ గేరు తీసివేయండి.

విరిగిన క్రాసు ముక్క అడ్డం పడితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు. కొండ మలుపులో మనుషులతో ఉన్నప్పుడు ఆ పరిస్థితి రాకూడదు. కాబట్టి దమ్ములు అయిపోగానే ఒక పూట కేటాయించి ముందు చక్రాలు లేపి చూసుకోండి. ఎద్దు గిట్టను చూసుకున్నంత శ్రద్ధ చాలు.